అగ్గితెగులా... బెంకి రోగమా?

సింధనూరు: తుంగభద్ర కాలువ కింద మన క్యాంపుల్లో దశాబ్దాలుగా పండించిన వరి బీపీటీ 5204. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అన్నం మహా రుచి, తెగుళ్లకు మాత్రం ఇట్టే లొంగుతుంది.

అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాది పిల్లలు శిక్షణకు పల్లెల్లో ఉండాలి. అసలు పరీక్ష అక్కడే. పుస్తకంలో ‘బ్లాస్ట్’, క్యాంపులో అగ్గితెగులు, పక్క కన్నడ ఊళ్లో బెంకి రోగ... మూడూ ఒకటేనని తెలియాలి. ఆకుపై నూలుకండె ఆకారం మచ్చ, నడుమ బూడిద రంగు ఉంటే అదే. కొననుంచి అంచుల వెంబడి అలలా ఎండుతూ వస్తే ఎండాకు తెగులు, అది బాక్టీరియా పని. దానికి అగ్గితెగులు మందు కొడితే డబ్బు కాలువలో పోసినట్టే.

‘ఏం మందు కొట్టాలి బాబూ?’ అనగానే పేరు చెప్పేసే కుర్రాడికంటే, ‘యూరియా ఎప్పుడు, ఎంత వేశారండీ?’ అని ఎదురడిగేవాడే నయం. నత్రజని ఎక్కువైతే రెండు తెగుళ్లూ పేట్రేగుతాయి మరి.