మాఘపున్నమినాటి మసక చంద్రుడు

2027వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ ఆదివారము, మాఘపున్నమి రాత్రి తెల్లవారబోవు వేళ, చంద్రగ్రహణ మొకటి సంభవింపనున్నది. ఆత్మకూరు, ఉదయగిరి సీమల సోదరీమణులు దీని పట్టువిడుపుల కాలమునకై పంచాంగము తిరుగవేసినచో సాధారణముగా నది కానరాదు. ఇది ఛాయాగ్రహణము.

దీపమున కెదురుగా చేయి పట్టి గోడపై నీడను చూడుడు. నడుమ నీడ చిక్కగాను, అంచులయందు పలుచగాను ఉండును. భూమి నీడయు నట్టిదే. చిక్కని నీడలో ప్రవేశించినప్పుడే చంద్రుడు కొరికినట్లు కనబడును. ఈమారు పలుచని నీడ మాత్రమే బింబమును పదింట తొమ్మిదిపాళ్లు కప్పును. మనకాలమున 2 గంటల 42 నిమిషములకు ఆరంభమై, 4-43కు ముదిరి, 6-43 ప్రాంతమున ముగియును. అప్పటికి చంద్రుడు పడమటి కొండలవైపున క్రుంకుచుండును. మొదటి గంటలో కంటి కేమియు తెలియదు. నాలుగున్నర మొదలు అయిదు లోపల పడమరకు తిరిగి చూచినచో, కుడిచేతివైపున, అనగా ఉత్తరపుటంచున, లాంతరు చిమ్నీకి పొగచూరినట్లు మసక కనబడును. చేరువనే మఖానక్షత్రము మెరయుచుండును.

ఈ గ్రహణమునకు అక్కచెల్లెండ్రు కలరు. 223 చాంద్రమాసములు, అనగా 18 సంవత్సరముల 11 దినముల 8 గంటలు గడచిన పిమ్మట సూర్యచంద్రభూములు ఇంచుమించుగా మరల అదే పొందికకు వచ్చును. పూర్వము బాబిలోను జ్యోతిష్కులు గ్రహణములను మట్టిపలకలపై తరతరములు గుర్తువ్రాసికొని యీ లెక్కను పట్టిరి. దీని యక్క 2009 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఎనిమిది గంటల వేళ వచ్చినది, అదియు మాఘపున్నమియే. పైనున్న యెనిమిది గంటలలో భూమి మూడవవంతు తిరుగును గనుక నాటి రాత్రిగ్రహణము నేడు వేకువగ్రహణ మైనది. చెల్లెలు 2045 మార్చి 3వ తేదీ మధ్యాహ్న మొంటిగంట దాటినపిదప వచ్చును. అప్పుడు చంద్రుడు మన కాళ్లక్రింది దిక్కున నుండును, కావున మనకు కానరాదు. ఆపైది 2063 మార్చి 14వ తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నరకు. 1720లో మొదలైన యీ వరుసలో చంద్రుడు చిక్కని నీడను ఇంచుక తాకుట అదియే ప్రథమము. 2009లో పుట్టిన పిల్లకు అప్పటికి 54 ఏండ్లు!

ఇక నింటిమాట. గ్రహణమన్న పేరు వినబడినంతనే గర్భవతిని కదలవలదని, మంచినీరైన త్రాగవలదని నిర్బంధించు నిండ్లు నేటికిని కలవు. పున్నమివెన్నెల యించుక తగ్గుటవలన కడుపులోని బిడ్డ కేచేటును లేదు. గంటలకొలది నీరు లేకుండుటవలన తల్లి నీరసించును. పెద్దల నెగతాళి చేయుట నా యభిమతము గాదు. అత్తగారితో వాదింపను పనిలేదు. కంటికి స్పష్టముగా గోచరింపని ఛాయాగ్రహణమునకు స్నానోపవాసములు లేవని పంచాంగకర్తలే చెప్పుచుందురు. ఆ పంచాంగమునే ఆమె చేతికీయవచ్చును. ఊరగాయ జాడీలపై దర్భలు వేయుటవలన నష్టము లేదు, వేసికొననిండు!

పిల్లలను నాలుగున్నరకు లేపి మేడపైకి తీసికొనిపోవచ్చును. నల్లయద్దము లక్కరలేదు, అవి సూర్యగ్రహణమునకే. చేతిఫోనున్నచో వెలుతురు కొలత మార్చకుండ మూడింటికొకటి, 4-43కొకటి ఛాయాచిత్రములు తీసి ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. కంటికి సందేహముగా దోచిన మసక అందు తేటపడును.