ముసలి కుక్కకు ఆపరేషన్ ఏంటికి? అపోహలు – వాస్తవాలు

కర్నూలు నగరంలో కలిసిపోయినా కల్లూరులో ఇంకా అరుగుల ఇళ్లు కనిపిస్తాయి, అరుగు పక్కన ఓ కుక్కా కనిపిస్తుంది. పిల్లలు పట్టుబట్టి తెచ్చుకున్న లాబ్రడారో, తెల్లబొచ్చు పామేరియనో, వీధిలోంచి తనంతట తానే వచ్చి చేరిన నాటు కుక్కో. (మన దగ్గర పామేరియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. అమ్మినవాడు చెప్పిన పేరే నిలిచిపోయింది.) పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. కుక్క ముసలిదవుతుంది. ఒకరోజు దాని పొట్ట కింద గడ్డ చేతికి తగులుతుంది. డాక్టరు ఆపరేషన్ అంటాడు. ఆ సాయంత్రం నుంచి సలహాలు మొదలవుతాయి. వాటిలో కొన్ని నిజాలు, కొన్ని సగం నిజాలు, కొన్ని మాత్రం కుక్క ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: "పన్నెండేండ్లాయె. మనిషి లెక్కన ఎనభై నాలుగు. మత్తుసూదికే పోతాది."

ముందు ఆ ఏడుతో గుణించే లెక్క పక్కన పెడదాం. కుక్క మొదటి ఏడాదిలోనే పెద్దదైపోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా ముసలిదవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాస్త్రవేత్తలు లాబ్రడార్ల జన్యుపదార్థంలో వయసుతో వచ్చే మార్పులను చూసి 2020లో ఒక కొత్త లెక్క కట్టారు. దాని ప్రకారం 12 ఏళ్ల లాబ్రడార్ 70 దాటిన మనిషికి సమానం. జాతిని బట్టి కూడా తేడా ఉంటుంది. గ్రేట్ డేన్ ఏడెనిమిదేళ్లకే ముసలిది, చిన్న స్పిట్జ్ పద్నాలుగు దాటినా గేటు దగ్గరికి పరుగెత్తుతుంది.

ఇక మత్తు సంగతి. బ్రిటన్‌లో దాదాపు 98,000 కుక్కలకు మత్తు ఇచ్చిన వివరాలు సేకరించి 2008లో ప్రచురించారు. మత్తు వల్ల పోయినవి మొత్తం మీద 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. పన్నెండు దాటితే ప్రమాదం పెరుగుతుందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది, దాచాల్సిన పని లేదు. కానీ ఆరోగ్యానికీ జబ్బుకూ మధ్య తేడా ఇరవై ఐదు రెట్లకు పైనే. అందుకే డాక్టరును "దీనికి ఇంత వయసు కదా" అనడం కన్నా "గుండె, కిడ్నీ, రక్తం ఎలా ఉన్నాయి" అని అడగడం మేలు. పైగా ఆ శాతాలు బ్రిటన్ ఆసుపత్రులవి. మన ఊళ్లో గ్యాస్ మత్తు యంత్రం లేని చోట్లు చాలా ఉన్నాయి. కాబట్టి ఇంకో రెండు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి: ఆక్సిజన్ ఉందా? డాక్టరు కోస్తున్నంతసేపు కుక్క ఊపిరినీ గుండెనూ చూడటానికి వేరే మనిషి ఉంటాడా?

రాయలసీమలో దీనికి ఒకటి కలపాలి. పిడుదులు. వాటితో వచ్చే జ్వరం రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. కుక్క పైకి బాగానే తిరుగుతుంటుంది, కత్తి పెట్టాక రక్తం ఆగదు. ఆపరేషన్‌కు ముందు ప్లేట్‌లెట్ల సంఖ్యతో సహా రక్తపరీక్ష చేయించడం ఇక్కడ తప్పనిసరి అనే అంటాను. డబ్బు మిగిల్చుకోవడానికి తీసేయాల్సిన ఖర్చు అది కాదు. కిడ్నీ పరీక్షను నమ్మడంలోనూ ఒక మెలిక ఉంది. మామూలుగా చేసే క్రియాటినిన్ పరీక్షలో అంకె పెరిగేసరికే కిడ్నీల పనితనంలో దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. అందుకే మూత్రపరీక్ష కూడా కలిపి చూస్తారు.

అపోహ: "కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది."

మనుషుల విషయంలోనూ తరతరాలుగా వింటున్న మాట ఇది. ఎందుకు నిలిచిందో ఊహించడం కష్టం కాదు. ఆడకుక్క పొదుగు వరుసలో చిన్న గడ్డ కనబడుతుంది. "బాగానే తింటోంది కదా" అని ఏడాది వదిలేస్తారు. గడ్డ పగిలి, ఈగలు వాలి, పురుగులు పడ్డాక ఆటోలో వేసుకుని పోతారు. అప్పటికే అది ఊపిరితిత్తులకు చేరి ఉంటుంది. ఆపరేషన్ అయిన రెండు నెలలకు కుక్క పోతుంది, నింద కత్తి మీద పడుతుంది.

ఆడకుక్కల రొమ్ము గడ్డల్లో సుమారు సగం క్యాన్సర్ కానివే. క్యాన్సర్ అయినవాటిలో కూడా 3 సెంటీమీటర్లు దాటకముందే తీసేసినవాటికి ఆయుష్షు బాగా ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు, కుడివైపు, ఎడమవైపు, వెల్లకిలా, మూడు కోణాల్లో. అందులో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపిస్తే పెద్ద ఆపరేషన్‌కు అర్థం లేదు. పొదుగంతా ఎర్రగా వాచి, కాలిపోతున్నట్టు, ముట్టుకోనివ్వకుండా ఉండే ఒక రకం క్యాన్సర్ ఉంది. దాని మీద కత్తి పెట్టరు, పెట్టినా లాభం లేదు. కత్తి వద్దనే మాట నిజమయ్యేది ఇలాంటి చోట్లే.

అపోహ: "కింది నుంచి రక్తం కారుతోంది, గడ్డ ఉంది. కోసేయడమే దారి."

వీధుల్లో తిరిగే కుక్కల్లో, ఆడవాటికీ మగవాటికీ, జననాంగం దగ్గర పువ్వులా విచ్చుకుని రక్తం కారే కంతి చాలా తరచుగా వస్తుంది. జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే క్యాన్సర్ అది. దానికి సాధారణంగా కత్తి అక్కర్లేదు. విన్‌క్రిస్టిన్ అనే మందును వారానికొకసారి నరంలోకి ఎక్కిస్తే, నాలుగు నుంచి ఆరు వారాల్లో ఎక్కువ కుక్కలకు పూర్తిగా తగ్గిపోతుంది. ఆపరేషన్ ఖర్చుకు భయపడి ఇలాంటి కుక్కను వదిలేయడం ఎంత అన్యాయమో చెప్పనక్కర్లేదు. గడ్డలోంచి సూదితో కొద్దిగా తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలా సందర్భాల్లో సంగతి తేలిపోతుంది.

అపోహ: "ముసలిదానికి ఆపరేషన్ చేయించి ఏం లాభం, ఇంకో నెల బతుకుతాదా?"

ఈ ప్రశ్న మంచిదే. పొరపాటు ఎక్కడంటే, దీనికి అన్ని జబ్బులకూ ఒకే జవాబు ఉందనుకోవడంలో. ఆపరేషన్ అనే ఒక్క మాట కింద పూర్తిగా వేరే బేరాలు ఉన్నాయి.

గర్భసంచిలో చీము పట్టడం చూడండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు, ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు వస్తుంది. నీళ్లు తెగ తాగుతుంది, తిండి మానేస్తుంది, కింది నుంచి చీము కారుతుంది. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే ఏమీ కారదు, పొట్ట ఉబ్బుతుంది, అది ఇంకా ప్రమాదం. స్వీడన్‌లో కుక్కలకు బీమా ఎక్కువ కాబట్టి అక్కడ లెక్కలు దొరుకుతాయి: పదేళ్లు నిండేలోగా ఐదింట ఒక ఆడకుక్కకు ఇది వస్తోంది. గర్భసంచి తీసేస్తే జబ్బు అక్కడితో ముగుస్తుంది. పదకొండేళ్ల కుక్క ఆ తర్వాత మూడేళ్లు హాయిగా బతకవచ్చు. తీయకపోతే విషం రక్తంలోకి పాకి రోజుల్లో పోతుంది. ఇక్కడ డబ్బు పెట్టగలిగితే పెట్టాల్సిందే అన్నది నా మాట. వయసు చూసి వెనక్కి తగ్గడానికి ఇంతకన్నా తప్పు సందర్భం లేదు.

ఇంకో కొసన ప్లీహంలో రక్తనాళాల క్యాన్సర్ ఉంది. పెద్దజాతి ముసలి కుక్కల్లో ఎక్కువ. నిన్నటిదాకా బాగున్నది హఠాత్తుగా కూలబడుతుంది, చిగుళ్లు తెల్లబోతాయి, కడుపులో రక్తం. ప్లీహం తీసేస్తే ఆ పూటకు ప్రాణం నిలుస్తుంది. కానీ అది ఈ క్యాన్సరే అయితే, ఆపరేషన్ ఒక్కటే చేసిన కుక్కలు సాధారణంగా బతికేది ఒకటి నుంచి మూడు నెలలు. ప్లీహంలో గడ్డలన్నీ ఇవే కావు, మామూలు గడ్డైతే పూర్తిగా నయమవుతుంది. చిక్కేమిటంటే, తీసి బయాప్సీ చేసేదాకా తేలదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఈ జూదం ఆడాలా అని ఒక ఇల్లు వెనకాడితే, ఆ ఇంటికి కుక్క మీద ప్రేమ లేదని ఎవరూ అనకూడదు.

ఈ రెంటికీ మధ్యలో కాలి ఎముక క్యాన్సర్ లాంటివి ఉంటాయి. కాలు తీసేస్తే నొప్పి పోతుంది. కీమో లేకుండా అయితే సగటున నాలుగైదు నెలలు. మూడు కాళ్లతో కుక్క ఎలా బతుకుతుందని మనం కుమిలిపోతాం గానీ, అది రోజుల్లోనే నడక నేర్చుకుంటుంది. మిగతా కాళ్లలో కీళ్లవాతం ముదిరిన బరువైన కుక్కకు మాత్రం ఇది కష్టం.

అపోహ: "నొప్పి ఉంటే ఏడుస్తుంది కదా. తింటోంది అంటే బాగున్నట్టే."

కుక్క నొప్పిని దాచుకుంటుంది. అరుగు ఎక్కడం మానేయడం, రాత్రిళ్లు చోటు మార్చి మార్చి పడుకోవడం, ఒకేచోట నాకుతూ ఉండటం, పిల్లలు ముట్టుకుంటే గుర్రుమనడం, ఇవీ దాని మాటలు. ఇక్కడే ఇంకో ఘోరం జరుగుతుంది. ఇంట్లో ఉన్న నొప్పిమాత్ర విరిచి అన్నంలో కలిపి పెడతారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. (డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని దేశంలో 2006లోనే నిషేధించారు, అయితే ఆ మందున్న కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయన్న కారణంతో.) కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి, డాక్టరు రాసిస్తారు.

అపోహ: "హైదరాబాదుకు తీసుకుపోతేనే పని అవుతుంది."

చీము పట్టిన గర్భసంచిని మోసుకుంటూ మే నెల ఎండలో రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించడం కన్నా, అనుభవమున్న డాక్టరు చేతిలో కర్నూలులో ఆ రోజే చేయించడం మంచిది. గర్భసంచి తీయడం, చిన్న గడ్డలు తీయడం జిల్లా స్థాయిలో జరిగే పనులే. ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరు ఫీజు ఉండదు, ఉన్నా నామమాత్రం. మందులు, కుట్ల దారం బయట కొనాల్సి రావచ్చు. ఎముకలకు ప్లేట్లు వేయడం, గుండె స్కానింగ్ లాంటివాటికి పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. తిరుపతిలో పాతది, 1955 నాటిది. కడప జిల్లా ప్రొద్దుటూరులో 2008లో వచ్చింది. హైదరాబాదు రాజేంద్రనగర్ ఎటూ ఉంది. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు ప్రధానంగా పాడిపశువులకు, మేకలు గొర్రెలకు ఉద్దేశించినవి. పెద్ద ఆపరేషన్లకు వాటి మీద ఆశ పెట్టుకోకండి.

అపోహ: "దుడ్లు ఎంతవుతాదని అడిగితే డాక్టరు తప్పుగా అనుకుంటాడు."

అనుకోడు. పరీక్షలకెంత, ఆపరేషన్‌కెంత, తర్వాత వారం రోజుల మందులకు, కట్లకు ఎంత, బయాప్సీకెంత అని విడివిడిగా అడగండి. చాలామంది మర్చిపోయేది ఆ తర్వాతి వారాన్ని. మెడకు గరాటు పెట్టిన కుక్కను పదిరోజులు ఎవరు చూసుకుంటారు, ముప్పై కిలోల లాబ్రడార్‌ను ఒంటికి రెంటికి ఎవరు బయటికి ఎత్తుకుపోతారు? ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లే ఉంటే ఇది డబ్బు కన్నా పెద్ద ప్రశ్న. బీమా మీద ఆశ వద్దు. మన దేశంలో కుక్కల బీమా ఉంది గానీ, వయసు మీరాక, జబ్బు బయటపడ్డాక ఇవ్వరు.

అపోహ: "కుట్లు వేశారు, ఇంక ఇంటికి తెచ్చి ఫ్యాన్ కింద పడుకోబెడితే సరి."

ఆ బ్రిటన్ అధ్యయనంలో చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం పోయింది ఆపరేషన్ ముగిశాకే, అందులోనూ ఎక్కువ తొలి మూడు గంటల్లో. తల నిలబెట్టలేని కుక్కను ఆటోలో ఎక్కించకండి. మత్తులో ఒంటి వేడి పడిపోతుంది. బయట 42 డిగ్రీలున్నా సరే, ముసలి బక్క కుక్కకు మెలకువ వచ్చేదాకా దుప్పటి కావాలి. ఫ్యాను, చల్లని నేల ఆ తర్వాతే.

అపోహ: "ఒక్కసారైనా పిల్లలు పెట్టాలి, ల్యాకపోతే పాపం."

ఈ మాటకు బిల్లు పదేళ్ల తర్వాత వస్తుంది. కుక్కకు పిల్లలు పెట్టడం వల్ల ఆరోగ్యపరంగా ఒరిగేదేమీ లేదు. మొదటి ఎదకు ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు, చేయించని కుక్కలతో పోలిస్తే, 0.5 శాతానికి పడిపోతుందని, ఒక ఎద తర్వాత చేయిస్తే 8 శాతమని 1969లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది. ఆ అంకెలు అంత కచ్చితమా అని తర్వాతివాళ్లు ప్రశ్నించారు. గర్భసంచి చీము విషయంలో మాత్రం వాదన లేదు. సంచే లేకపోతే చీమెక్కడ పడుతుంది? రెండేళ్ల వయసులో తేలిగ్గా అయిపోయే ఆపరేషన్‌ను మానుకుని, పదకొండో ఏట జ్వరంతో, సెలైన్ మీద, అర్ధరాత్రి చేయించుకుంటున్నాం.

అపోహ: "ఆపరేషన్ వద్దంటే చావుకు వదిలేసినట్టే."

కోయకుండా చేసే వైద్యం కూడా వైద్యమే. నొప్పి మందు, పుండుకు కట్టు, ఒళ్లు తగ్గించడం, మెత్తటి పడక. వీటితో కొన్ని కుక్కలు నెలల తరబడి నిమ్మళంగా ఉంటాయి. అదీ పనిచేయనప్పుడు కారుణ్య మరణం గురించి డాక్టరుతో మాట్లాడటం నేరం కాదు. నేరమయ్యేవి వేరే ఉన్నాయి. ముసలి కుక్కను సంచిలో వేసి ఊరి బయట వదిలి రావడం, విషం పెట్టడం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ఆకలికీ దప్పికకూ వదిలేయడాన్నీ, క్రూరంగా చంపడాన్నీ శిక్షార్హం చేసింది. కారుణ్య మరణంలో డాక్టరు చేసేది ముందు నిద్రమందు, ఆ తర్వాత నరంలోకి మత్తుమందు పెద్ద మోతాదులో. నిమిషాల్లో అయిపోతుంది. కావాలంటే ఇంటివాళ్లు పక్కనే ఉండొచ్చు. ఒక్క సంగతి ముందే చూసుకోండి. ఆ మందు కళేబరంలో చాలాకాలం ఉంటుంది. బోరుకు దూరంగా లోతుగా గుంత తీయించి పూడ్చాలి. హంద్రీ ఒడ్డున పారేస్తే దాన్ని తిన్న గద్దలూ వీధికుక్కలూ ఆ మందుకే చస్తాయి.