దేహమునకు పటుత్వమొసగు నీరు

డప్పు వాయించుటకు ముందు దానిని మంటయొద్ద కాచుట మన పల్లెలలో అందరెరిగినదే. చర్మమునందలి తేమ ఆరినకొలది అది బిగుసుకొని చక్కగా మ్రోగును. వానకు తడిసినచో వదులై మ్రోత తగ్గును. కొల్లాజెన్ అను మాంసకృత్తునకును నీటికిని గల సంబంధమే దీనికి ముఖ్యకారణము.

మన చర్మము, ఎముకలు, రక్తనాళముల గోడలు, కండరములను ఎముకలకు కట్టియుంచు బంధనములు ఈ పదార్థము వలననే దృఢముగా నిలుచుచున్నవి. దేహమునందలి మాంసకృత్తులలో ఇంచుమించు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు ఇదియే.

మూడు పేటల త్రాడు

కొల్లాజెన్ అణువు మూడు పేటలు పెనవైచిన త్రాటివంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమునందు జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. ప్రతి పేటయందును ప్రతి మూడవ స్థానమున గ్లైసిన్ ఉండును. అమైనో ఆమ్లములన్నిటిలో చిన్నది గనుక త్రాటి నడుమ ఇరుకుచోటున అది మాత్రమే ఇముడును.

ఈ త్రాటి చుట్టును నీటి అణువులు క్రమముగా తొడుగువలె అమరియుండునని 1994లో స్ఫటిక పరిశోధన వలన స్పష్టమైనది. అవి ఒక పేటనుండి మరియొక పేటకును, ఒక త్రాటినుండి ప్రక్క త్రాటికిని ఉదజని బంధములచే వంతెనలు కట్టుచున్నవి. కావున ఇచట నీరు కేవలము తేమ కాదు, నిర్మాణమునందొక భాగము. నీరు తొలగినచో అణువే పొట్టిదై, గట్టిగా లాగబడునని 2015లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. డప్పు బిగువునందలి మర్మమిదియే.

నీటియందు మరిగించినపుడు పేటలు విడిపోవును. మేకకాళ్ళ పులుసు చల్లారిన పిమ్మట పేరుకొనుటకు, ఇట్లు విడివడి జెలటిన్‌గా మారిన కొల్లాజెనే కారణము.

విటమిన్ సి చేయు మేలు

పేటలలోని ప్రొలైన్ అను అమైనో ఆమ్లమునకు దేహము ఒక ఆమ్లజని పరమాణువును చేర్చి హైడ్రాక్సీప్రొలైన్‌గా మార్చును. ఇట్లు చేరిన భాగము నీటి అణువులను పట్టియుంచును. అంతియేగాక, పేట వంపును సరియైన తీరున నిలుపునని 1998 నాటి ప్రయోగములు చూపినవి. ఈ మార్పు జరుగని కొల్లాజెన్ సుమారు 24 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే విడిపోవును. మన దేహపు వేడియో 37 డిగ్రీలు!

ఈ మార్పునకు విటమిన్ సి అవసరము. అది చాలకాలము లోపించినచో స్కర్వీ వ్యాధి కలుగును. చిగుళ్ళు వాచి రక్తము కారును, గాయములు మానవు, మానిన గాయములు సైతము తిరిగి విచ్చును.

గమనింపవలసిన విషయములు

నీరు అధికముగా త్రాగినంత మాత్రమున చర్మము బిగువెక్కదు. దప్పికకు తగినంత త్రాగిన చాలును. తినిన కొల్లాజెన్ యథాతథముగా చర్మమును చేరదు. అది జీర్ణమై అమైనో ఆమ్లములుగను, వాని చిన్న తునుకలుగను విడిపోవును. దేహము తన కొల్లాజెన్‌ను తానే కట్టుకొనవలెను. అందులకు పప్పులు, పాలు, గ్రుడ్లు, మాంసము మొదలగువాని వలన మాంసకృత్తులను, ఉసిరి, జామ, నిమ్మ, ఆకుకూరల వలన విటమిన్ సిని పొందవలెను. ఈ విటమిన్ వేడికి నశించును, వండిన నీటిలోనికి దిగిపోవును. కావున కూరలను కొద్ది నీటితో కొద్దిసేపు మాత్రమే ఉడికింపుడు. ఆ నీటిని పారబోయకుడు. చిగుళ్ళనుండి తరచుగా రక్తము కారుచున్నను, గాయములు మానకున్నను జాగుచేయక వైద్యుని సంప్రదింపుడు.