చలి గ్రాఫులో చింతపల్లి పేరు

శీతకాలంలో అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రం నమోదు చేసే కనిష్ఠ ఉష్ణోగ్రతలు పత్రికల్లో అంకెలుగా వెలువడుతుంటాయి. ఆ అంకెలను గ్రాఫుగా గీసి, లంబసింగి, అరకు, పాడేరు వంటి ఊళ్ల పేర్లతో సహా అంతా అక్కడి కాఫీ రైతులు చదవగలిగే తెలుగులో పెట్టాలనుకొనేవారికి మొదటి చిక్కు లెక్కలో కాక లిపిలో ఎదురవుతుంది.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులకు విరివిగా వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీని, అంటే ఎవరి ప్రోగ్రాములోనైనా పిలిచి వాడుకోదగిన సిద్ధ కోడ్ సముదాయాన్ని, నాడీశాస్త్రవేత్త జాన్ హంటర్ 2003లో విడుదల చేశాడు. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి అది, వేరే ఫాంటు పేరు చెప్పకపోతే, డెజావు సాన్స్‌ను వాడుతుంది. అందులో తెలుగు అక్షరాలు లేనందువల్ల ‘అరకు’ అని ఉండవలసినచోట ఖాళీ గడులు కనిపిస్తాయి. తెలుగు ఫాంటు ఫైలును ఫాంట్ మేనేజర్‌కు చేర్చి, ఆర్‌సీపారమ్స్ అనే సెట్టింగుల పట్టికలో ఫాంటు పేరు మారిస్తే ఆ గడులు పోతాయి. 2022 నాటి 3.6 వెర్షన్ నుంచి ఒకటికి మించిన ఫాంట్లను వరుసగా ఇవ్వవచ్చు. మొదటి ఫాంటులో లేని అక్షరాన్ని లైబ్రరీ తర్వాతి ఫాంటులో వెతుక్కొంటుంది.

ఎంపికకు కొదవ లేదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన ఫాంట్లలో ‘మండలి’ వార్తాపత్రికల పాఠ్యానికి ఉద్దేశించినది కనుక అక్షాల పక్కన రాసే పేర్లకు నప్పుతుంది. ‘గిడుగు’ పెద్ద సైజు శీర్షికలకు రూపొందినది. చింతపల్లి ఉన్న తూర్పు కనుమల్లోనే నివసించే సవరల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు వేంకట రామమూర్తి పేరు పెట్టుకొన్న ఫాంటు మన్యం గ్రాఫుకు శీర్షికగా నిలవడం ఎంతో సముచితం. మామూలుగా ఉండే 10 పాయింట్ల సైజులో ఒత్తులు అలుక్కుపోయే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని కొంత పెంచడం మేలు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కంప్యూటరు దాచుకొనే క్రమంలో ‘ష్ణో’ అంటే ష, పొల్లు, ణ, ఓత్వం. చదువరికి మాత్రం ఓత్వం ష మీద, ణ ఒత్తు దాని కింద కనిపించాలి. ఈ కూర్పును షేపింగ్ అంటారు. చాలాకాలంగా వాడుకలో ఉన్న మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్లు ఈ పని చేయకుండా అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకొంటూ పోవడంతో, ‘ఉష్ణోగ్రత’లో పొల్లులు విడివిడిగా తేలి, ‘చింతపల్లి’లో మొదటి ల మీద ఉండవలసిన గుడి రెండో ల మీదికి చేరుతుంది. ఎంత మంచి ఫాంటు ఎంచుకొన్నా ఈ లోపం పోదు. బడిలో ఒత్తులు నేర్చుకొన్న పిల్లలకు ఇలాంటి బొమ్మ చూపడం తగదు.

అందువల్ల గ్రాఫును ఎస్‌వీజీ అనే ఫైలు రూపంలో భద్రపరచి, అక్షరాలను గీతలుగా మార్చకుండా పాఠ్యంగానే ఉంచమని ఫాంట్‌టైప్ సెట్టింగును ‘నన్’గా పెట్టడం తేలికైన దారి. అప్పుడు కూర్పు బాధ్యత బ్రౌజరుకు చేరుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని చేసే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఒత్తులను చక్కగా కలుపుతుంది. చూసే కంప్యూటరులో కూడా అదే ఫాంటు ఉండాలి గనుక, ఇతరులకు పంపేముందు బ్రౌజరు నుంచే పీడీఎఫ్‌గా ముద్రించుకోవాలి.