ఎన్ని ఖోలీలైతే ఒక గ్రౌండు?

ముంబైలోని వర్లీ బీడీడీ చాల్‌లో ఒక ఖోలీ, అంటే గది, 160 చదరపు అడుగులు. 1920లలో బ్రిటిష్ ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్, శివ్‌డీలలో కట్టించిన 207 చాళ్లలో ఒక్కోదానికి 80 ఖోలీలు. మిల్లు పనికి తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఆ కొలతలోనే తరాలు వెళ్లదీశాయి. కామాటిపురా గల్లీల్లోనూ ఇరుకు ఇలాంటిదే. కాబట్టి ఈ కథనంలో గజాలు, మీటర్లు ఎన్ని వచ్చినా చివరికి ఖోలీల్లోకి మార్చే చూద్దాం.

అమెరికాలో ఊరూరా పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగులు ఉంటాయి. వాటిని నడిపేది తల్లిదండ్రులే, జీతం భత్యం ఏమీ ఉండదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మన చుట్టాల పిల్లలు కూడా వాటిలో ఆడతారు. అలాంటిది కామాటిపురాలో నడవాలంటే ఏం కావాలి? డబ్బు అని చటుక్కున అనేస్తాం. లెక్క వేస్తే డబ్బు మూడో స్థానంలోకి పోతుంది. మొదటిది జాగా, రెండోది పెద్దవాళ్ల సాయంత్రాలు.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. అలాంటి పిల్లల బేస్‌బాల్ లీగుల్లో ఒకటైన లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మూడే మూడు జట్లతో మొదలైంది. పెట్టినవాడు కార్ల్ స్టాట్జ్ అనే మామూలు ఉద్యోగి. యూనిఫాంల కోసం ఆయన 56 కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగాక ఒక పాల కంపెనీ 30 డాలర్లు ఇచ్చింది. జూన్ 6న తొలి మ్యాచ్‌లో లండీ లంబర్ జట్టు లైకమింగ్ డెయిరీని 23-8తో ఓడించింది. యూనిఫాం డబ్బులిచ్చిన పాల కంపెనీదే ఆ ఓడిన జట్టు! ఇప్పుడు 80కి పైగా దేశాల్లో ఈ లీగులున్నాయి, దాదాపు పది లక్షల మంది స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు. చందా వసూలు మనవాళ్లకు చెప్పాలా, గణపతి మండపాలు నడిపిన గల్లీలకు? 56 గుమ్మాలు మనకో లెక్క కాదు.

ఇక జాగా. పెద్దల బేస్‌బాల్‌లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు 90 అడుగులు. పన్నెండేళ్ల దాకా ఉన్న పిల్లలకు దాన్ని 60 అడుగులకు కుదించారు. బంతి విసిరేవాడికీ బ్యాటరుకూ మధ్య 46 అడుగులు. ఆ నాలుగు బేస్‌ల చతురస్రం ఒక్కటే 3,600 చదరపు అడుగులు, అంటే 22 ఖోలీల పైచిలుకు. కానీ ఆట అక్కడితో ఆగదు. గట్టిగా కొట్టిన బంతి పడేందుకు వెనక మైదానం ఉండాలి. పిల్లల గ్రౌండులో కంచె సాధారణంగా 200 అడుగుల దూరంలో ఉంటుంది. ఆ పావు వృత్తం విస్తీర్ణం సుమారు 31,400 చదరపు అడుగులు. 196 ఖోలీలు! రెండున్నర బీడీడీ చాళ్లలో ఉన్న గదులన్నీ పరిచినా ఇంకా ప్రేక్షకులకు నిలబడే చోటు లెక్కలోకి రాలేదు.

దీని పక్కన మిగతా ఆటలు పెట్టి చూడండి. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, తొమ్మిది ఖోలీలు కూడా పట్టదు. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు, అంటే 28 ఖోలీలు. ముంబై అభివృద్ధి ప్రణాళిక కోసం దశాబ్దం క్రితం చేసిన అధ్యయనం నగరంలో మనిషికి దక్కే ఖాళీ జాగా 1.24 చదరపు మీటర్లని తేల్చింది. ఆ వాటాలు కలిపితే ఒక బాస్కెట్‌బాల్ కోర్టుకు 339 మంది వాటా కావాలి. పిల్లల బేస్‌బాల్ గ్రౌండుకు 2,350 మందికి పైగా తమ వాటా వదులుకోవాలి. మిల్లు ప్రాంతమంతా కబడ్డీ ఎందుకు వేళ్లూనుకుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా వేరే సిద్ధాంతం అక్కర్లేదు.

క్రికెట్ మాటేమిటి అంటారా? అది గల్లీలోకి రావాలంటే తనను తాను మార్చుకోవాల్సి వచ్చింది. అండర్‌ఆర్మ్ బౌలింగు, ప్లాస్టిక్ బంతి, ఒక టప్పా పడ్డాక ఒంటి చేత్తో పట్టినా ఔటు. కిటికీలోకి బంతి పోతే కొట్టినవాడే పైకెళ్లి తెచ్చుకోవాలి, పక్కింటి అత్త తిట్లు వాడికే. సాఫ్ట్‌బాల్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1887లో షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో లోపల చేరిన కుర్రాళ్లు చీపురు కర్రతో, బాక్సింగ్ గ్లవ్‌తో బేస్‌బాల్‌ను గదిలోకి తెచ్చారు. షికాగోలో ఇప్పటికీ 16 అంగుళాల చుట్టుకొలత ఉన్న మెత్తటి పెద్ద బంతితో, చేతికి గ్లవ్ లేకుండా ఆడతారు. ఎంత బాదినా అది దూరం పోదు.

ఆ షికాగోలోనే చదువుకుని వచ్చిన ఒకాయన మన కామాటిపురా పక్కనే మకాం పెట్టాడు. ఆయన పేరు క్లిఫర్డ్ మాన్‌షార్డ్. అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున 1925లో ముంబై వచ్చి, ఒకటి రెండేళ్లలోనే నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్‌ను నిలబెట్టాడు. కామాటిపురా నుంచి నడిచి వెళ్లేంత దూరం. 1936లో టాటా ట్రస్ట్ డబ్బుతో అక్కడే మొదలైన సోషల్ వర్క్ స్కూలే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. నాగ్‌పాడా పిల్లల చేతికి బాస్కెట్‌బాల్ వచ్చింది ఇలా అమెరికన్ మిషనరీల దారిలోనే. వాళ్ల దేశంలో బేస్‌బాల్‌కున్న పిచ్చి తక్కువేం కాదు, అయినా ఇక్కడ నిలిచింది 28 ఖోలీల ఆట. అది మత ప్రచారం లెక్కో, వ్యాయామం లెక్కో నాకు పట్టదు. జాగా లెక్క మాత్రం కచ్చితంగా సరిపోయింది.

ఆ కోర్టుల మీదనే ఎదిగిన గులాం అబ్బాస్ ముంతసిర్ భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు, 1970లో అర్జున అవార్డు అందుకున్నాడు. తరతరాల పిల్లలకు ఆట నేర్పిన కోచ్ బచ్చూ ఖాన్ పేరు మీద నాగ్‌పాడాలో ఇప్పుడు మునిసిపల్ మైదానమే ఉంది. ఆడి మానేసినవాళ్లు సాయంత్రం కోర్టుకొచ్చి చిన్నవాళ్లకు నేర్పడం అక్కడ అలవాటుగా సాగింది. స్వచ్ఛంద లీగ్ అనే బోర్డు లేకపోయినా, జరిగిన పని అదే.

రెండో లెక్క పెద్దవాళ్ల సమయం. దీన్నే ఎవరూ పట్టించుకోరు, లీగులు కూలేది ఇక్కడే. జట్టుకు 12 మంది చొప్పున ఎనిమిది జట్లు, అంటే 96 మంది పిల్లలు అనుకుందాం. ఒక బేస్‌బాల్ మ్యాచ్‌కు రెండు వైపులా ముగ్గురేసి కోచ్‌లు, ఇద్దరు అంపైర్లు, స్కోరు రాసేవాళ్లు ఒకరు, విసిరిన బంతులు లెక్కపెట్టేవాళ్లు ఒకరు, నీళ్లూ తినుబండారాలూ చూసుకునేవాళ్లు ఇద్దరు. మొత్తం 12 మంది. గ్రౌండు సర్దడం నుంచి మూసేదాకా రెండున్నర గంటలు వేస్తే మ్యాచ్‌కు 30 గంటల మనిషి పని. ప్రతి జట్టూ వారానికి రెండు మ్యాచ్‌లు ఆడితే మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు, 240 గంటలు. పిల్లాడి తలకు వారానికి రెండున్నర గంటల పెద్దవాళ్ల సమయం. ప్రాక్టీసు ఇంకా కలపలేదు.

అదే 96 మందికి బాస్కెట్‌బాల్ అయితే? ఒక కోర్టు, రోజూ నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, ముగ్గురు పెద్దవాళ్లు. 72 గంటలు. తలకు ముప్పావు గంట. ఒకే కోర్టును రెండు సగాలు చేసి ముగ్గురేసి ఆడే ఆట పెడితే ఇంకా సాగుతుంది. పది నిమిషాల ఆట, మార్పిళ్లతో ఇరవై నిమిషాలు, ఒక సాయంత్రం రెండు రింగుల కింద కలిపి 24 ఆటలు. జట్టుకు ఒక అదనపు ఆటగాడితో కలిపి ఆటకు ఎనిమిది మంది చొప్పున 192 అవకాశాలు. ఒకే బేస్‌బాల్ గ్రౌండులో ఆ నాలుగు గంటల్లో పూర్తయ్యేది ఒక్క మ్యాచే, 24 మంది. అందులోనూ సగం మంది బంతి తమవైపు ఎప్పుడొస్తుందా అని నిలబడే ఉంటారు.

మిల్లులు మూడు షిఫ్టుల్లో నడిచిన రోజుల్లో ఈ గంటలు దొరికేవి. పొద్దున ఏడింటి షిఫ్టు మూడున్నరకు దిగేది. నాలుగింటికి చాయ్ తాగి వ్యాయామశాలకు వెళ్లే మనిషి ప్రతి చాల్‌లోనూ ఉండేవాడు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులతో పాటు ఆ సాయంత్రాలు కూడా పోయాయి. ఇప్పుడు సెక్యూరిటీ ఉద్యోగమైనా, డెలివరీ అయినా పన్నెండు గంటల పని, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో. ఈ రోజుల్లో యువకులకు సేవాభావం తగ్గిందని నిట్టూర్చే పెద్దలు ఈ గంటల పట్టీ ఒకసారి చూడాలి.

లిటిల్ లీగ్ నుంచి మనం తెచ్చుకోదగ్గవి బ్యాటూ బంతీ కన్నా దాని నిబంధనలు. అందులో నాకు బాగా నచ్చింది బంతుల లెక్క. 8 ఏళ్ల దాకా ఉన్న పిల్లవాడు రోజుకు 50 బంతుల కన్నా ఎక్కువ విసరకూడదు. 9, 10 ఏళ్లకు 75, 11, 12 ఏళ్లకు 85, ఆపైన 16 దాకా 95. అంతటితో అయిపోదు. 14 ఏళ్ల దాకా ఉన్నవాడు 20 బంతుల దాకా విసిరితే మర్నాడే మళ్లీ విసరొచ్చు. 21 నుంచి 35 అయితే ఒక రోజు విశ్రాంతి, 50 దాకా రెండు రోజులు, 65 దాకా మూడు, 66 నుంచి ఆపైన నాలుగు. 41 బంతులు విసిరినవాణ్ని ఆ రోజు క్యాచర్‌గా కూడా నిలబెట్టకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా బంతి బంతికీ చెయ్యి వాడతాడు. ప్రతి మ్యాచ్‌లో ఒక మనిషి పెన్సిలు పట్టుకుని గీతలు గీస్తూ కూర్చునేది ఇందుకే. పెరిగే మోచేతిని కాపాడేది ఆ గీతలే. మన గల్లీ టోర్నమెంట్లో గట్టి బౌలరు దొరికితే వాడి చేత ఆదివారమంతా వేయించి, సోమవారం వాడు భుజం పట్టుకుంటే జండూ బామ్ రాస్తాం.

ఇంకొకటి, అందరికీ ఆట. వచ్చిన ప్రతి పిల్లవాడూ కనీసం వరుసగా ఆరు ఔట్ల సేపు ఫీల్డింగ్ చేయాలి, ఒక్కసారైనా బ్యాటు పట్టాలి. కెప్టెన్ కొడుకైనా, బంతి జారవిడిచేవాడైనా నిబంధన ఒకటే. ఆడపిల్లల విషయంలో మాత్రం లిటిల్ లీగ్‌వాళ్లే తలవంచాల్సి వచ్చింది. హోబోకెన్‌లో మరియా పెపే అనే పన్నెండేళ్ల అమ్మాయిని 1972లో జట్టులోంచి తప్పిస్తే గొడవ న్యూజెర్సీ అధికారుల దాకా వెళ్లింది. 1974లో ఆడపిల్లలకు తలుపులు తెరిచి, అదే ఏడు సాఫ్ట్‌బాల్ విభాగమూ పెట్టారు.

కోచ్‌గా పిల్లల దగ్గరకు వచ్చే ప్రతి మనిషి నేర చరిత్రనూ ఏటా తనిఖీ చేయాలన్నది మరో నిబంధన. కామాటిపురాకు ఇది ఎక్కడికన్నా ఎక్కువ అవసరం. తల్లులు పనిలో ఉండే రాత్రివేళల్లో పిల్లల్ని చూసుకోవడానికి ప్రేరణ సంస్థ 1988లో ఇక్కడే నైట్ కేర్ సెంటర్ తెరిచిందంటే, సాయంత్రం తర్వాత పిల్లలకు భద్రమైన చోటు ఎంత కరువో తెలుస్తుంది. తెలిసినవాడే, మన ఊరివాడే అన్న హామీ చాలదు. కోచ్ ఒంటరిగా ఒక్క పిల్లవాడితో ఉండకూడదన్న నియమం పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ గోడలు పడగొట్టే వేళకు వచ్చాయి. వర్లీ బీడీడీలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాటిపురా ఒకటి నుంచి పదిహేను గల్లీల దాకా, సుమారు 34 ఎకరాలు, 8,001 మంది అద్దెదారులు ఉన్న ప్రాంతాన్ని రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా తిరిగి కట్టించే ప్రణాళికలో ఉంది. అక్కడా ఇంటికి 500 అడుగులన్నదే మాట. బేస్‌బాల్ గ్రౌండు అడిగితే ఒప్పుకోరు, అడగక్కర్లేదు కూడా. ముగ్గురేసి ఆడే సగం కోర్టు 15 మీటర్లు, 11 మీటర్లు, అంటే 1,776 చదరపు అడుగులు, నాలుగు కొత్త ఫ్లాట్ల కన్నా తక్కువ. అలాంటివి నాలుగు కావాలని, పార్కింగ్ మీద కాకుండా నేల మీదే కావాలని, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పిల్లలకే వదలాలని నక్షా పాస్ కాకముందే రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు, ప్రతి రెండు సగం కోర్టులకూ వారానికి 72 గంటల చొప్పున ఎవరెవరు ఇస్తారో పేర్లు రాసిన కాగితం కూడా జతచేయాలి.