జాతరకు పోయే కరెంటు పెట్టె

పుష్య అమావాస్య రాత్రి. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా మహాపూజ. హస్తినమడుగు నుంచి కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో మెస్రం వంశీయులు పూజకు సిద్ధమవుతుంటే, ఉట్నూర్ నుంచి వచ్చిన వీడియోగ్రాఫర్ ప్లగ్గు పాయింటు వెతుకుతుంటాడు. ఏ దుకాణంలోనో ఒక జంక్షన్ బాక్స్ కనబడుతుంది. దానికి అప్పటికే పది ఫోన్లు వేలాడుతుంటాయి.

1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని ఫొటోలుగా, 16 ఎంఎం ఫిల్ములుగా దాచిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కాలంలో ఈ తంటా లేదు. అప్పటి ఫొటో కెమెరాకు బ్యాటరీ అక్కర్లేదు. మూవీ కెమెరాలు కూడా చాలావరకు గోడ గడియారంలా కీ ఇస్తే నడిచేవి. ఇప్పటి కెమెరాకు కళ్లు ఎక్కువ, ఆకలీ ఎక్కువే. దీపావళి ముందు దండారి నాట్య బృందాల వెంట గూడెం నుంచి గూడేనికి తిరిగేవాడు తన కరెంటు తానే మోసుకుపోవాలి. ఆ కరెంటు పెట్టెను చేతితో చేసుకోవచ్చు, లెక్క తెలిస్తే.

లెక్క దగ్గరే చాలామంది మోసపోతారు. పవర్‌బ్యాంక్ మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఆటో బ్యాటరీ దుకాణంలో దొరికే 20 ఏహెచ్ అన్నా అదే అంకె. కానీ పవర్‌బ్యాంక్ లోపలి సెల్ 3.7 వోల్టులది, కాబట్టి అందులో ఉన్నది 74 వాట్-అవర్లు. 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 256. ఎంఏహెచ్ ఒక్కటే చెప్పడమంటే, పత్తి ఎన్ని బస్తాలో చెప్పి బస్తా ఎన్ని కిలోలో దాచిపెట్టడమే. వోల్టులతో గుణిస్తే వచ్చే వాట్-అవరే అసలు తూకం.

ఇక ఒక రోజు ఖర్చు చూద్దాం. సోనీ కెమెరాల్లో వాడే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ 16.4 వాట్-అవర్లు. అలాంటివి ఆరు: 98. రెండు ఫోన్లకు 38. ఎల్‌ఈడీ లైటు పెద్ద బ్యాటరీకి 47. మొత్తం 183. మన పెట్టెలో ఆ 256 వాట్-అవర్ల బ్యాటరీ పెడితే హాయిగా ఇమిడిపోతుంది అనిపిస్తుంది. ఇక్కడే అందరూ చేసే పొరపాటొకటి ఉంది: పెట్టెలో ఇన్వర్టర్ పెట్టడం.

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టుల డీసీ. కెమెరా బ్యాటరీకి కావలసినదీ డీసీయే, 8.4 వోల్టులు. మధ్యలో దాన్ని 230 వోల్టుల ఏసీగా మార్చి, చార్జర్‌లో మళ్లీ డీసీగా దించడమంటే, ఇంద్రవెల్లిలో దిగాల్సినవాడు ఆదిలాబాద్ దాకా పోయి తిరిగొచ్చినట్టు. ఒక్కో మార్పిడిలో 15 శాతం పోయిందనుకుంటే చేతికి మిగిలేది 72 శాతం, అంటే 184. ఇన్వర్టర్ ఊరికే తిరుగుతూ తాగేది ఇంకా వేరు. దాని బదులు కార్లలో వాడే యూఎస్‌బీ-సి పీడీ సాకెట్ బిగించి, యూఎస్‌బీతో నడిచే కెమెరా చార్జర్ పెడితే మార్పిడిలో పోయేది పదో వంతుకు అటూఇటూ. దాదాపు 230 మిగులుతుంది. నా మాట వినండి, ఇన్వర్టర్ ఇంట్లోనే ఉండనివ్వండి.

బ్యాటరీని గట్టి ప్లాస్టిక్ టూల్‌బాక్స్ అడుగున పట్టీతో కట్టేయాలి. గూడేల దారుల్లో కదిలే బ్యాటరీ తన వైర్లను తానే తెంపుకుంటుంది. ప్లస్ కొసకు వీలైనంత దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాలి. 100 వాట్లు లాగినా పారేది 8 ఆంపియర్లే కాబట్టి అది చాలు. దగ్గరగా ఎందుకంటే, ఫ్యూజ్ కాపాడేది తన తర్వాతి వైరును. బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న వైరు ఒరుసుకుపోయి షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారుతాయి, ఆపే దిక్కు ఉండదు. ఒక్కో సెల్‌ను కాచుకునే బీఎంఎస్ బ్యాటరీలోనే ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. ఉన్నా సరే, ఫ్యూజ్ మానొద్దు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది చాలు.

ఆదిలాబాద్ చలి సంగతి వేరే చెప్పాలి. జాతర వేళ తెల్లవారుజామున, సగం చార్జి ఉన్న కెమెరా ఒక్కోసారి ‘బ్యాటరీ ఖాళీ’ అంటుంది. లిథియం అయాన్లు ఈదే ద్రవం చలికి మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, లోడు పడగానే వోల్టేజి కుంగుతుంది. నిజానికి చార్జి ఎక్కడికీ పోలేదు. ఆ బ్యాటరీని తీసి చొక్కా లోపలి జేబులో పావుగంట ఉంచితే మళ్లీ పని చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బాధ తిరగబడుతుంది. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేస్తే లిథియం బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. మూత మూసి చార్జింగ్ పెట్టడం, ఎండలో నిలిపిన కారు డిక్కీలో పెట్టెను వదిలేయడం రెండూ తప్పే.

తిరిగి నింపడానికి 14.6 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్ చార్జరే వాడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీల పాత చార్జర్ వద్దు. ఎండ దొరికే చోట 50 వాట్ల సోలార్ ప్యానెల్, ఒక కంట్రోలర్ సాయపడతాయి. ఈ పెట్టెను ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు గానీ విమానంలోకి రానివ్వరు. అక్కడ 100 వాట్-అవర్ల దాకా ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేదు, 160 దాకా కావాలి, ఆపైన రానివ్వరు.

పెట్టె తయారయ్యాక జాతరకు ముందే ఒక రాత్రి ఇంట్లో అన్ని బ్యాటరీలూ తగిలించి నడపండి. గంట తర్వాత ఫ్యూజ్ హోల్డర్ మీద వేలు పెట్టి చూడండి. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే, అక్కడ స్క్రూ సరిగా బిగియలేదు.