జ్వరంతో పాటు ఒంటి మీద నల్లమచ్చ ఉందా? గడ్డిలో పనిచేసే ప్రతి రైతూ తెలుసుకోవాల్సిన విషయం



ఎప్పుడూ ఘనజీవామృతం, నవధాన్యాలు, గానుగ నూనె గురించి మాట్లాడే నేను ఈసారి వీడియోలో జ్వరం గురించి మాట్లాడాను. అందులో నా పక్కన కూర్చున్నది మా అమ్మ. ఆమె నవ్వుతూ మాట్లాడుతుంటే చూసేవాళ్లకు మామూలుగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ వీడియో ఎడిట్ చేసేటప్పుడు రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. వీడియోలో టైం చాలక చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదైనా చివరిదాకా చదవండి.

మా ఇంట్లో జరిగింది ఇదీ

మాది చిత్తూరు జిల్లా. మామిడి తోట, కొంచెం వేరుశనగ, ఒక ఎకరా దేశీ వరి. అగ్రికల్చర్ డిప్లొమా అయిపోయాక కొన్నాళ్లు ఉద్యోగం చేసి, తర్వాత ఊరికొచ్చి ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టాను. మూడు నాటు ఆవులున్నాయి. వాటికి పొద్దున్నే గెనిమల మీద గడ్డి కోసుకొచ్చేది మా అమ్మే. ఎంత వద్దన్నా వినదు.

పోయిన కార్తీకంలో ఒకరోజు సాయంత్రం చలి పెట్టి జ్వరం వచ్చింది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు. వాన తగ్గి చలి మొదలయ్యే రోజులు కదా, మామూలు జ్వరమే అనుకున్నాం. నేలవేము కషాయం, తిప్పతీగ రసం ఇచ్చాను. మధ్యలో ఊళ్లో ఒక సూది వేయించాం. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కేది. "ఇంగ్లీషు మందులు ఎక్కువ వాడొద్దు, ఒళ్లే సర్దుకుంటుంది" అని నేనే చెప్పాను. ఐదు రోజులు అట్లా పోయినాయి.

ఆరో రోజు టౌన్‌లో చూపిస్తే డెంగీ లేదన్నారు, ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు, టైఫాయిడ్ కావచ్చని మందులిచ్చారు. ఎనిమిదో రోజు రాత్రి అమ్మకు ఆయాసం మొదలైంది. మాట పూర్తి చేయలేకపోతోంది. అప్పటికప్పుడు బండి మాట్లాడుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడ బట్టలు మారుస్తున్న నర్సమ్మ నడుం దగ్గర ఒక నల్లటి పక్కును చూసింది. శనగ గింజంత ఉంది, చుట్టూ ఎర్రగా. సిగరెట్‌తో కాల్చినట్టు. "ఇదేందమ్మా?" అంటే, "లంగా బొందు ఒరుసుకుని పుండు పడింది, నొప్పి లేదు, అందుకే చెప్పలేదు" అంది మా అమ్మ. డాక్టర్ గారు వచ్చి అడిగిన మొదటి మాట: "మీరు గడ్డి కోసే పని చేస్తారా అమ్మా?"

రిపోర్ట్ కోసం ఆగకుండా ఆ రాత్రే మందు మొదలుపెట్టారు. మూడో రోజుకు జ్వరం దిగింది. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడింది. ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్లం" అన్నారు డాక్టర్ గారు. ఆ ఐదు రోజులు ఆపింది నేనే. అందుకే ఈ వీడియో.

అమెరికాలో లైమ్, మన దగ్గర స్క్రబ్ టైఫస్

అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు న్యూజెర్సీలో ఉండే మా పెదనాయన కొడుకు ఫోన్ చేసి, "పురుగు కుట్టిందంటున్నారు కదా, లైమ్ డిసీజేమో అడుగు, ఇక్కడ అదే భయం" అన్నాడు. ఆయన భయం నిజమే, కానీ అది ఆ ప్రాంతానిది. 1970ల్లో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి చుట్టుపక్కల పిల్లలకు కీళ్లు వాస్తే, ఆరా తీయగా బయటపడిన జబ్బు అది. అక్కడి అడవుల్లో, గడ్డిలో ఉండే ఒక రకం పిడుదు కాటుతో వస్తుంది. ఆ దేశంలో ఏటా సుమారు 4,76,000 మంది దానికి చికిత్స తీసుకుంటున్నారని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. మన పిల్లలు అక్కడ కొండలెక్కడానికి, పార్కుల్లో తిరగడానికి పోతుంటారు కదా, వాళ్లకు ఒక మాట చెప్పండి: ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కోవాలి, పిడుదు కనబడితే వెంటనే తీసేయాలి. సాధారణంగా ఒక రోజు పైగా పట్టుకుని ఉంటేనే ఆ క్రిమి ఒంట్లోకి ఎక్కుతుంది. కరిచిన చోట ఎర్రగా గుండ్రంగా పెరుగుతూ పోయే మచ్చ వస్తే డాక్టర్ దగ్గరికి పోవాలి.

మన చేలల్లో చూసుకోవాల్సింది వేరే పురుగు. పైగా అది కంటికి కనబడదు.

కుట్టేది ఎవరు?

మిరపలో ఎర్రనల్లి మీ అందరికీ తెలుసు. తొలకరి వానలకు నేల మీద ఎర్రటి మఖమల్ గుడ్డలాగా పాకే ఆరుద్ర పురుగూ తెలుసు. ఆరుద్ర పురుగు మనల్ని ఏమీ చేయదు, మంచిదే. కానీ దానికి దగ్గరి చుట్టం ఒకటుంది. అది కూడా నేలలోనే ఉంటుంది. పెద్దదైన తర్వాత నేలలో చిన్న చిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతుంది, మన జోలికి రాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దశలో మాత్రం దానికి ఒక్కసారి జంతువు ఒంటి మీద మేత కావాలి. ఆ పిల్ల పురుగు మిల్లీమీటర్‌లో ఐదో వంతు ఉంటుంది. గడ్డి కొసల మీద, ఆకుల మీద కాచుకుని ఉండి, ఎలుక పోతే ఎలుకను, మనిషి పోతే మనిషిని పట్టుకుంటుంది. రక్తం తాగదు. చర్మాన్ని కరిగించి ఆ రసం పీల్చుకుని, కొన్ని రోజుల్లో రాలిపోతుంది. కుట్టినట్టు కూడా మనకు తెలియదు.

దాని ఒంట్లో ఓరియెన్షియా అనే బ్యాక్టీరియా ఉంటే అది మనకు ఎక్కుతుంది. తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు కూడా ఆ బ్యాక్టీరియా వస్తుంది. అందుకే ఒకసారి ఒక చోట చేరితే ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. పొలమంతా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక గెనిమ మీద ఉంటే పక్క గెనిమ మీద ఉండకపోవచ్చు. ఎలుకలు ఎక్కువగా తిరిగే పొదలు, చేను అంచులు, కాలువ గట్లు దీనికి ఇష్టమైన చోట్లు.

మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. టీకా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దు అడవుల్లో సైనికులను తీవ్రంగా దెబ్బతీసింది ఇదే జబ్బు. మనకు దగ్గర్లో వెల్లూరు సీఎంసీ డాక్టర్లు దీని మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు.

ఎప్పుడు అనుమానించాలి?

మన దక్షిణాదిలో వానలు పడ్డాక, ఆగస్టు-సెప్టెంబర్ నుంచి జనవరి-ఫిబ్రవరి దాకా ఎక్కువ. కుట్టిన తర్వాత ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, దగ్గు, వాంతులు, ఒక్కోసారి దద్దుర్లు. డెంగీ, టైఫాయిడ్, మలేరియా లాగే ఉంటుంది. అక్కడే అందరం పొరపాటు పడతాం. ముదిరితే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి.

గుర్తు ఆ నల్ల పక్కే. నొప్పి ఉండదు, దురద ఉండదు. ఎక్కడ ఉంటుందో చూడండి:

- చంకల్లో, గజ్జల్లో, తొడల లోపలి వైపు
- నడుం చుట్టూ, లంగా బొందు, మొలతాడు, బెల్టు ఉండే చోట
- ఆడవాళ్లకు రొమ్ముల కింద
- చెవుల వెనక, మెడ మీద, తలలో
- మోకాలి వెనక, వీపు మీద

మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఇలాంటివి చెప్పుకోరు. మగ డాక్టర్‌కు అసలే చూపించరు. కాబట్టి ఇంట్లో ఇంకో ఆడమనిషే దగ్గరుండి చూడాలి. ఇంకో విషయం, ఈ పక్కు అందరికీ రాదు. లేదు కాబట్టి ఆ జబ్బు కాదని అనుకోకండి.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

జ్వరం ఐదు రోజులైనా తగ్గకపోతే స్క్రబ్ టైఫస్ ఉందేమో చూడాలి. పక్కు కనబడితే ఐదు రోజులు కూడా ఆగొద్దు, ఆరోజే పోవాలి. పోయి ఈ మాట చెప్పండి: "సార్, నేను గడ్డిలో, పొదల్లో పనిచేస్తాను. స్క్రబ్ టైఫస్ ఏమైనా ఉందేమో చూడండి." ఇందులో మొహమాటం ఏమీ లేదు. మేం ఆ మాట ముందే చెప్పి ఉంటే అమ్మకు ఆక్సిజన్ అవసరం వచ్చేది కాదు.

ఐజీఎం ఎలైసా అనే రక్త పరీక్ష ఉంది. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో అందులో బయటపడకపోవచ్చు, అందుకే అనుమానం గట్టిగా ఉంటే డాక్టర్లు రిపోర్ట్ రాకముందే మందు మొదలుపెడతారు. మందు ఖరీదైనది కాదు. డాక్సీసైక్లిన్ అనే పాత మందే. గర్భిణులకు ఎక్కువగా అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు ముదిరినవాళ్లకు ఈ రెండూ కలిపి నరానికి ఇస్తే మేలని మన దేశంలోనే జరిగిన పరిశోధనలో తేలి, 2023లో ప్రచురించారు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో మీరే అడిగి కొనుక్కోకండి. అమాక్సిసిలిన్ లాంటివి దీని మీద పనిచేయవు, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది. సరైన మందు పడితే మామూలుగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది.

ఇక్కడ మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. నేలకు మందులు వద్దని చెప్పేవాళ్లలో నేనూ ఒకడిని, రేపూ అదే చెప్తాను. కానీ నేలకు వర్తించే సూత్రం జబ్బు పడిన మనిషికి అలాగే పట్టించకూడదు. కషాయంతో ఈ జబ్బు తగ్గదు. చికిత్స అందనివాళ్లలో నూటికి సుమారు ఆరుగురు చనిపోయినట్టు పాత లెక్కలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. చికిత్స అందితే అది చాలా తగ్గిపోతుంది.

ఆచ్ఛాదన మానేయాలా?

ఆసుపత్రి నుంచి వచ్చాక ఊళ్లో ఒకాయన అన్నాడు, "నీ గడ్డి, నీ ఆకుల వల్లే ఇదంతా, కలుపుమందు కొట్టుకుంటే పోయేది కదా" అని. ఆ మాట గుచ్చుకుంది. ఆలోచించాను కూడా. కానీ రసాయన సేద్యం చేసే ఊళ్లల్లోనూ గెనిమలున్నాయి, ఎలుకలున్నాయి, ఈ జ్వరమూ ఉంది. నేలకు కప్పు తీసేయడం పరిష్కారం కాదు. మనం పనిచేసే పద్ధతి మార్చుకోవాలి. మేం మార్చుకున్నవి ఇవీ:

1. నడిచే దారులు, మోటారు షెడ్డు, పశువుల కొట్టం, ఇంటి చుట్టూ గడ్డి పొట్టిగా కోసి ఉంచుతున్నాం. ఆచ్ఛాదన చెట్ల పాదుల్లో, సాళ్లలో అలాగే ఉంది.
2. గడ్డి కోసేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు. ప్యాంటు కొసలు సాక్సులోకి దోపుకోవాలి. అమ్మ ఇప్పుడు చీర మీద నాయన చొక్కా, కింద ప్యాంటు వేసుకుంటోంది. మొదట్లో సిగ్గుపడింది, ఇప్పుడు అలవాటైంది.
3. సద్ది తినడానికి, నడుం వాల్చడానికి గడ్డి మీద కూర్చోవడం మానేశాం. పట్ట ఒకటి ఎప్పుడూ వెంట ఉంటుంది.
4. బట్టలు కంచె మీద, పొదల మీద ఆరేయడం లేదు. తీగ కట్టాం.
5. పని నుంచి రాగానే బట్టలు మార్చి వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో బాగా రుద్దుకుని స్నానం. ఈ ఒక్క అలవాటు చాలా మేలు చేస్తుంది.
6. ఎలుకల కోసం బొరియలు మూసి, గుడ్లగూబలు వాలడానికి పంగల కర్రలు నాటాం. పాత కట్టెల కుప్పలు ఇంటికి దూరంగా పెట్టాం.

పొదలు నరికే రోజు డీట్ ఉన్న క్రీమ్ కాళ్లకు, చేతులకు రాసుకుంటున్నాం. వేపనూనె రాసుకున్నాం కదా అన్న ధీమాతో మిగతావి మానేయకండి.

ఆవుల పిడుదుల విషయం

పిడుదులను, కొన్నిచోట్ల గోమార్లంటారు, చేత్తో పీకి గోటితో నలిపేయడం మనందరికీ అలవాటు. అది మానేయండి. 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్-కాంగో జ్వరం పశువుల పిడుదుల ద్వారా, వాటిని నలిపినప్పుడు అంటే రక్తం ద్వారా కూడా వస్తుంది. కర్ణాటకలో శివమొగ్గ అడవుల వైపు 1957 నుంచి ఉన్న కోతుల జ్వరం కూడా పిడుదు కాటుతో వచ్చేదే. చేతులకు గ్లౌజులు వేసుకుని, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగి, సబ్బునీళ్ల డబ్బాలో వేసి మూత పెట్టండి. మనిషికి పట్టుకున్నా ఇదే పద్ధతి. బీడీతో కాల్చడం, కిరోసిన్ పోయడం వద్దు. కొట్టంలో నాటుకోళ్లను వదిలితే రాలిన పిడుదులను అవే ఏరుకు తింటాయి.

మా అమ్మ ఇప్పుడు మళ్లీ పొద్దున్నే కొడవలి తీసుకుని పోతోంది. వద్దన్నా వినదని చెప్పాను కదా. కాకపోతే వచ్చాక నేరుగా నీళ్ల తొట్టి దగ్గరికే పోతోంది, అది నాకు చాలు. ఈ రాత్రి మీ ఇంట్లో గడ్డి పని చేసేవాళ్లు ఎవరైనా జ్వరంతో పడుకుని ఉంటే, పొద్దున దాకా ఆగకుండా ఒళ్లు ఒకసారి వెతకండి. మీ ఊళ్లో కూలికి వచ్చే అక్కలకు, అమ్మలకు కూడా ఈ వీడియో చూపించండి.

వచ్చే వారం వేరుశనగ విత్తన శుద్ధి వీడియోతో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.